వారాంతపు కౌబాయ్ - రోడియో బరిలో కొత్తవారికి దారి



పశువుతో మనిషి పోటీ పడే పండగలు మన సరిహద్దు జిల్లాలకు కొత్తవి కావు. కృష్ణగిరి, హోసూరు ప్రాంతాల్లో సంక్రాంతి వెళ్ళగానే కొమ్ములకు రంగులు పూసి ఎద్దుల్ని వదులుతారు. బళ్ళారి, రాయచూరు పల్లెల్లో ఏరువాక పున్నమినాడు ఎద్దులు పరుగెత్తి కరి తెంచుతాయి. విదర్భలో శంకర్‌పట్ అంటే ఊళ్ళకు ఊళ్ళే కదిలి వెళతాయి. ఈ పండగల్లో దిగిన కుర్రవాడు ఆ ఒక్కరోజూ వీరుడే. తెల్లవారితే మళ్ళీ మడక దగ్గరికో, మిల్లుకో, ఆఫీసుకో పోతాడు. ఆ ఆట వాడికి సరదా, పౌరుషం. అంతేగాని బతుకుతెరువు కాదు.

అమెరికాలో ఇటువంటి ఆట ఒకటి బతుకుతెరువు అయింది. దాని పేరు రోడియో. అందులో దిగే కౌబాయ్‌లలో కొందరు ఏడాది పొడుగునా ఊరూరా తిరిగి ఆ ఆటతోనే లక్షల డాలర్లు గడిస్తారు. అయితే ఈవేళ మనం మాట్లాడుకోబోయేది వాళ్ళను గురించి కాదు. వారంలో అయిదు రోజులు ఏదో ఒక పని చేసుకుని, శనివారం, ఆదివారం మాత్రమే బరిలోకి దిగే మనిషిని గురించి. నిన్నమొన్న తాడు చేతబట్టిన కుర్రవాణ్ణి గురించి. అటువంటివాళ్ళకు వృత్తి రోడియోలో చోటు ఉందా? ఉంటే ఆ చోటు ఎలా దొరుకుతుంది, దానికి ఎంత ఖర్చవుతుంది? ఇవీ మన ముందున్న ప్రశ్నలు.

ముందుగా ఆట ఎటువంటిదో రెండు ముక్కలు చెప్పుకుందాం. రోడియో అనేది స్పానిష్ మాట. పశువులను చుట్టుముట్టి ఒకచోటికి తోలడం అని దాని అర్థం. పంతొమ్మిదో శతాబ్దంలో టెక్సాస్ మొదలుకొని మోంటానా దాకా విశాలమైన బీళ్ళలో వేలకొద్దీ పశువులు మేసేవి. వాటిని కాసి, తోలుకుపోయే పనివాళ్ళే కౌబాయ్‌లు. తాడు విసరడం, జీను బిగించడం, పొగరుబోతు గుర్రాన్ని మచ్చిక చేయడం, ఇవన్నీ వాళ్ళు మెక్సికో గొడ్లకాపరుల దగ్గర నేర్చుకున్నారు. పని ముగిశాక ఎవరి చేతివాటం గొప్పదో తేల్చుకోవడానికి పందేలు వేసుకునేవారు. ఆ పందేలే క్రమంగా ఆట అయ్యాయి. 1883లో తమ ఊళ్ళో జరిగినదే మొదటి రోడియో అని టెక్సాస్‌లోని పేకోస్ ఊరివాళ్ళు అంటారు. 1888లో మొదలైన తమదే అన్నిటికన్నా పాతదని ఆరిజోనాలోని ప్రెస్కట్ ఊరివాళ్ళు అంటారు. ఆ వివాదం ఇప్పటికీ తెగలేదు.

ఈ ఆటలో రెండు రకాల పోటీలున్నాయి. మొదటి రకం సవారీ పోటీలు. జీను లేని గుర్రం, జీను ఉన్న గుర్రం, ఆబోతు, ఇలా మూడు. బోను తలుపు తెరుచుకోగానే పశువు ఎగిరి దూకుతుంది. దానిమీద ఒక్క చేత్తో పట్టుకుని ఎనిమిది సెకన్లు నిలవాలి. రెండో చెయ్యి పశువుకు గాని, తన ఒంటికి గాని తగిలిందా, ఆ సవారీ చెల్లదు. నిలిచినవాడికి నూటికి ఇన్ని అని మార్కులు వేస్తారు. అందులో సగం మనిషి పనితనానికి, సగం పశువు దూకుడుకు. అంటే పశువు మెతకదైతే ఎంత బాగా కూర్చున్నా మార్కులు రావన్నమాట.

రెండో రకం కాలంతో పోటీ. గుర్రం మీద దౌడు తీస్తూ దూడకు ఉచ్చు వేసి, దిగి, దాని మూడు కాళ్ళు కట్టడం ఒకటి. ఇద్దరు కలిసి ఒకరు కొమ్ములకు, ఒకరు వెనకకాళ్ళకు తాడు వేయడం ఇంకొకటి. పరుగెత్తే కోడె మీదికి గుర్రం పైనుంచి దూకి, కొమ్ములు పట్టి పడవేయడం మరొకటి. ఆడవాళ్ళు మూడు పీపాల చుట్టూ గుర్రాన్ని మెలికలు తిప్పి పరుగెత్తించే పోటీ కూడా ఇందులోదే. పీపా పడిపోతే అయిదు సెకన్లు అదనంగా కలుపుతారు. వీటన్నిటిలో ఎవరు తక్కువ సమయంలో ముగిస్తే వాళ్ళు గెలిచినట్టు.

ఇప్పుడు డబ్బు సంగతికి వద్దాం. రోడియో కౌబాయ్‌కి జీతం లేదు. ఫుట్‌బాల్ ఆటగాడిలాగా జట్టు యజమాని ఉండడు, ఒప్పందం ఉండదు. పైగా ప్రతి పోటీకి తానే ప్రవేశ రుసుము కట్టాలి. అలా అందరూ కట్టిన రుసుములు, నిర్వాహకులు చేర్చిన సొమ్ము కలిపితే బహుమతి నిధి అవుతుంది. దాన్ని ముందు వరసలో నిలిచిన కొద్దిమందికి పంచుతారు. మిగతావాళ్ళు వట్టి చేతులతో ఇంటికి పోవలసిందే.

ఈ పద్ధతి ఊరికే రాలేదు. దాని వెనక ఒక సమ్మె ఉంది. 1936 వరకు కౌబాయ్‌లు కట్టిన రుసుము బహుమతిలో చేరుతుందన్న భరోసా లేదు. ఎంత ఇవ్వాలో, ఎవరు న్యాయనిర్ణేతగా ఉండాలో నిర్వాహకుడి ఇష్టం. ఆ ఏడాది శరదృతువులో బోస్టన్ నగరంలో జరుగుతున్న రోడియోలో 61 మంది కౌబాయ్‌లు ఒక కాగితం మీద సంతకాలు చేసి బరిలోంచి బయటికి నడిచారు. బహుమతులు పెంచాలి, మేము కట్టిన రుసుములు అందులో కలపాలి అన్నది వాళ్ళ కోరిక. నిర్వాహకుడు చివరకు దిగివచ్చాడు. ఆ కౌబాయ్‌లు తమ సంఘానికి తాబేళ్ళ సంఘం అని పేరు పెట్టుకున్నారు. కదలడానికి ఆలస్యం చేశాము గాని, చివరికి మెడ బయటపెట్టాము అని ఆ పేరులోని చమత్కారం. ఆ సంఘమే 1945లో రోడియో కౌబాయ్‌ల సంఘంగా, 1975లో వృత్తి రోడియో కౌబాయ్‌ల సంఘంగా పేరు మార్చుకుంది. దాని కార్యాలయం కొలరాడో రాష్ట్రంలోని కొలరాడో స్ప్రింగ్స్‌లో ఉంది. ఏటా 600 పైచిలుకు రోడియోలు ఆ సంఘం గుర్తింపుతో జరుగుతాయి.

ఇక కొత్తవాడు ఈ సంఘంలోకి ఎలా అడుగు పెడతాడు? దానికి పర్మిట్ అనే ఏర్పాటు ఉంది. పద్దెనిమిదేళ్ళు నిండిన ఎవరైనా రుసుము కట్టి పర్మిట్ తీసుకోవచ్చు. ఫలానా బడిలో నేర్చుకున్నావా, ఫలానా వాడి కొడుకువా అని అడిగేవాళ్ళు లేరు. పర్మిట్ చేతికి వస్తే సంఘం గుర్తించిన రోడియోలలో పోటీకి పేరు ఇవ్వవచ్చు. అక్కడ మొత్తం 1,000 డాలర్లు గెలుచుకున్న నాడు పర్మిట్ నిండినట్టు. అప్పుడు పూర్తి సభ్యత్వపు కార్డు కొనుక్కునే అర్హత వస్తుంది. కార్డు తీసుకున్న మొదటి ఏడాది అతన్ని రూకీ అంటారు, అంటే కొత్త సభ్యుడని అర్థం. ఆ ఏడాది రూకీలందరిలో ఎక్కువ గెలిచినవాడికి ప్రత్యేకమైన బిరుదు ఉంది. అది జీవితంలో ఒక్కసారే దొరికే అవకాశం. అందుకే తెలివిగలవాళ్ళు పర్మిట్ నిండీ నిండగానే తొందరపడి కార్డు కొనరు. చేతిలో కాస్త డబ్బు, గుర్రం, ఒంట్లో సత్తా, ఈ మూడూ సమకూరాకే ఆ అడుగు వేస్తారు.

ఇందులో ఒక మెలిక ఉంది. పర్మిట్ మీద గెలిచిన సొమ్ము ప్రపంచ ఛాంపియన్ పట్టికలో లెక్కకు రాదు. అలాగే పేర్లు ఇచ్చినవాళ్ళు మరీ ఎక్కువైనప్పుడు కార్డు ఉన్నవాళ్ళకు ముందు చోటు, పర్మిట్ వాళ్ళకు తర్వాత చోటు. కొన్ని పెద్ద రోడియోలు గత సంవత్సరపు సంపాదన చూసి ముందున్నవాళ్ళనే తీసుకుంటాయి. కనుక కొత్తవాడికి దొరికేవి ఎక్కువగా చిన్న ఊళ్ళ రోడియోలే. అక్కడ బహుమతులు చిన్నవి, దూరాలు పెద్దవి.

అయితే ఒక విషయంలో మాత్రం కొత్తవాడికీ ఛాంపియన్‌కీ తేడా లేదు. ఎవరికి ఏ పశువు రావాలో చీటీ పద్ధతిలో తేలుతుంది. ప్రపంచ ఛాంపియన్ అయినంత మాత్రాన మంచి గుర్రాన్ని ఏరుకోలేడు. పర్మిట్ కుర్రవాడికి ఆ రాత్రి అన్నిటికన్నా గట్టి ఆబోతు రావచ్చు. దానిమీద ఎనిమిది సెకన్లు నిలిస్తే వాడి మార్కుల్ని ఎవరూ ఆపలేరు. ఈ ఆటలో కొత్తవాళ్ళను నిలబెట్టే ఆశ ఇదే.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ఉద్యోగం మానలేనివాడి మాట ఏమిటి? ప్రపంచ ఛాంపియన్ పోటీలో సంపాదించిన ప్రతి డాలరూ ఒక మార్కు. సెప్టెంబరు ఆఖరుకు ఒక్కో విభాగంలో మొదటి 15 మంది మాత్రమే డిసెంబరులో జరిగే జాతీయ ఫైనల్స్‌కు వెళతారు. 1959లో డల్లాస్‌లో మొదలైన ఆ పోటీ 1985 నుంచి లాస్ వెగాస్‌లో జరుగుతోంది. 2020లో మాత్రం కోవిడ్ కారణంగా టెక్సాస్‌లోని ఆర్లింగ్టన్‌లో జరిగింది. పది రాత్రులు పది రౌండ్లు. అక్కడ ఒక్క రౌండులో మొదటి బహుమతి 2023లో 30 వేల డాలర్లు దాటింది. కాని ఆ 15 మందిలో చేరాలంటే ఏడాదికి పదుల కొద్దీ రోడియోలు తిరగాలి. ఈరోజు కాలిఫోర్నియా, ఎల్లుండి వయోమింగ్. ఇంటిదగ్గర పాడిపశువులున్నవాడికి, బడిలో పాఠం చెప్పేవాడికి, గుర్రాలకు లాడాలు కొట్టేవాడికి అది కుదిరే పనేనా?

ఇది గమనించే 1975లో సంఘం సర్క్యూట్ పద్ధతిని ప్రవేశపెట్టింది. సర్క్యూట్ అంటే ఒక ప్రాంతం. దేశాన్ని పన్నెండు ప్రాంతాలుగా విభజించారు. టెక్సాస్ ఒక్కటే ఒక ప్రాంతం. మోంటానా ఒకటి. కొలరాడో, వయోమింగ్ కలిసి ఒకటి. ఆరిజోనా, న్యూ మెక్సికో కలిసి ఒకటి. కాన్సస్, నెబ్రాస్కా, ఓక్లహోమా కలిసి ఇంకొకటి. ఇలా తూర్పు తీరం దాకా ఉన్నాయి. సభ్యుడు ఏటా ఒక ప్రాంతాన్ని తనదిగా రాయించుకుంటాడు. ఆ ప్రాంతంలో గెలిచిన సొమ్మును వేరే పట్టికలో లెక్కిస్తారు. నిర్ణీత సంఖ్యలో అక్కడి రోడియోలకు హాజరై, ఆ పట్టికలో ముందున్నవాళ్ళు సంవత్సరాంతంలో తమ ప్రాంతపు ఫైనల్స్ ఆడతారు. అక్కడ గెలిచినవాళ్ళకు మళ్ళీ జాతీయ స్థాయిలో ఒక పోటీ ఉంది. అది 1987లో ఐడహోలోని పోకటెల్లో పట్టణంలో మొదలైంది. 2022లో కొలరాడో స్ప్రింగ్స్‌కు మారింది.

దీని ఫలితం చూడండి. ఇంటికి నాలుగయిదు గంటల దూరంలో ఉన్న రోడియోలు తిరుగుతూ, సోమవారం పొద్దున పనికి హాజరవుతూ, ఒక మనిషి తన ప్రాంతపు ఛాంపియన్ కావచ్చు. ఆ బిరుదుతో జాతీయ పోటీకి వెళ్ళి, ఏడాదంతా రోడ్డుమీదే బతికే మేటి కౌబాయ్‌లతో సరిసమానంగా తలపడవచ్చు. అతని బెల్టుకు ఉండే పెద్ద వెండి బకిల్ అతని కులాసాకు గుర్తు కాదు. ఉద్యోగం, సంసారం, ఆట మూడింటినీ నెట్టుకొచ్చానని చెప్పే సాక్ష్యం.

పని చేసుకునేవాడికి ఉపయోగపడే మరో ఏర్పాటు కేంద్రీకృత నమోదు. పూర్వం ఏ ఊరి రోడియోకు ఆ ఊరికే కబురు చేయాలి. తర్వాత సంఘం ప్రోకామ్ అనే నమోదు కేంద్రాన్ని పెట్టింది. కౌబాయ్ అక్కడికి ఫోను చేసి పేరు ఇస్తాడు. తనకు ఏ రోజు కుదురుతుందో చెప్పుకుంటాడు. ఇద్దరు ముగ్గురు మిత్రులు తమ పేర్లు ఒక జట్టుగా ఇచ్చుకుంటే ఒకే రోజు పడేలా చూస్తారు. అప్పుడు ఒకే బండిలో వెళ్ళి పెట్రోలు ఖర్చు పంచుకోవచ్చు. తాడు పోటీల్లో మనుషులు ఎక్కువైతే, ప్రేక్షకులు లేని వేళ, పొద్దున్నే గాని అర్ధరాత్రి గాని మిగిలినవాళ్ళతో ఆడిస్తారు. దాన్ని స్లాక్ అంటారు. చప్పట్లు కొట్టేవాళ్ళు లేకపోయినా ఆ సమయం లెక్కకు వస్తుంది, ఆ డబ్బు చేతికి వస్తుంది. ఒక హెచ్చరిక మాత్రం ఉంది. పేరు ఇచ్చాక యజమాని సెలవు ఇవ్వలేదని వెళ్ళకపోతే, రుసుము బాకీ అలాగే నిలిచి ఉంటుంది.

ఇప్పుడు ఒక చిన్న లెక్క వేద్దాం. ఇది మన ఊహ లెక్క, అర్థం కావడానికే. ఒక కుర్రవాడు ఒక వారాంతంలో రెండు రోడియోలకు పేరు ఇచ్చాడనుకోండి. రుసుము ఒక్కొక్కటి 150 డాలర్ల చొప్పున 300. పెట్రోలుకు 120, తిండికి 40. వెరసి 460. నలుగురు మిత్రులు ఒకే బండిలో వెళితే అతని వంతు పెట్రోలు 30కి దిగుతుంది. ఖర్చు 370 అవుతుంది. మొదటి రోడియోలో పడిపోయాడు. రెండోదానిలో మూడో స్థానం వచ్చి 280 డాలర్లు గెలిచాడు. ఊళ్ళో అందరూ భుజం తట్టారు. కాని ఇంటికి వచ్చి లెక్క చూసుకుంటే 90 డాలర్లు నష్టం. ఇంకో మాట గమనించండి. పర్మిట్ నిండడానికి కావలసిన 1,000 డాలర్లు గెలిచిన సొమ్ము లెక్కేగాని మిగిలిన సొమ్ము లెక్క కాదు. పర్మిట్ నిండిందని సంబరపడే నాటికి కుర్రవాడి జేబు ఖాళీ కావచ్చు. అందుకే కొత్తవాడికి ఉద్యోగం ఆటకు అడ్డం కాదు. ఆటను నడిపేది ఆ ఉద్యోగమే.

ఏ పోటీని ఎంచుకుంటున్నాడన్నది కూడా ఈ లెక్కలోకి వస్తుంది. సవారీ చేసేవాడికి పెట్టుబడి తక్కువ. ఒక తాడు, జీను, తోలు తొడుగు, ముళ్ళ బూట్లు, అన్నీ ఒక సంచీలో ఇమిడిపోతాయి. పశువు నిర్వాహకులది. విమానమెక్కి కూడా పోవచ్చు. కాని ఖర్చంతా ఒంటిమీద పడుతుంది. తాడు విసిరేవాడికి దెబ్బలు తక్కువ, ఆడగలిగే వయసు ఎక్కువ. కాని తర్ఫీదైన గుర్రం కావాలి, దాన్ని తీసుకుపోయే బండి కావాలి, దాణా కావాలి, ఇంటిదగ్గర రోజూ సాధన చేయడానికి దూడలు కావాలి. డబ్బు లేనివాడు ఒళ్ళు పెడతాడు, ఒళ్ళు దాచుకునేవాడు డబ్బు పెడతాడు అన్నమాట.

పర్మిట్ దాకా రాకముందే నేర్చుకునే మెట్లు కూడా ఉన్నాయి. హైస్కూలు పిల్లల రోడియో సంఘం, కళాశాలల రోడియో సంఘం రెండూ 1949 ప్రాంతంలో రూపు దిద్దుకున్నాయి. కొన్ని కళాశాలలు రోడియో ఆడే విద్యార్థులకు ఉపకార వేతనాలిస్తాయి. కళాశాలల జాతీయ ఫైనల్స్ 1999 నుంచి వయోమింగ్‌లోని కాస్పర్ పట్టణంలో జరుగుతున్నాయి. చదువు పోగొట్టుకోకుండా ఆట నేర్చుకోవాలనుకునేవాళ్ళకు అది మంచి దారి. పెద్ద సంఘం కాక ఇంకా ఇతర సంఘాలున్నాయి. రాష్ట్రాల వారీగా ఔత్సాహికుల సంఘాలున్నాయి. ఆబోతు సవారీ ఒక్కదానికే 1992లో ఇరవైమంది సవారీదారులు తలా 1,000 డాలర్లు వేసుకుని వేరే సంస్థ పెట్టుకున్నారు. దానికి కూడా కొత్తవాళ్ళు పైకెక్కే చిన్న పోటీల మెట్లు ఉన్నాయి.

నడివయసు ఉద్యోగస్తుడికి అన్నిటికంటే అనువైనది జంట తాడు పోటీ. 1990లో మొదలైన ఒక సంస్థ ప్రతి ఆటగాడికీ అతని నేర్పును బట్టి ఒక అంకె ఇచ్చే పద్ధతిని వ్యాప్తిలోకి తెచ్చింది. అంకె చిన్నదైతే కొత్తవాడు, పెద్దదైతే ఆరితేరినవాడు. ఇద్దరి అంకెలూ కూడితే వచ్చే మొత్తం ఇంతకు మించకూడదని పోటీకి హద్దు పెడతారు. ఛాంపియన్ వచ్చి పల్లెటూరి దుకాణదారును ఓడించే వీలు అక్కడ లేదు. పీపాల పరుగులో కూడా ఇటువంటి ఉపాయం చేశారు. అందరికన్నా తక్కువ సమయం తెచ్చినవాళ్ళది మొదటి తరగతి. వాళ్ళకు అర సెకను వెనక నుంచి రెండో తరగతి, ఒక సెకను వెనక నుంచి మూడో తరగతి, ఇలా విభజించి ప్రతి తరగతికీ బహుమతులు పంచుతారు. నిదానపు గుర్రం ఉన్న ఇల్లాలు కూడా తన తరగతిలో గెలిచి నాలుగు డబ్బులు ఇంటికి తెచ్చుకోవచ్చు.

ఆడవాళ్ళ మాట వచ్చింది గనుక ఇది కూడా చెప్పాలి. 1948లో టెక్సాస్‌లోని శాన్ ఆంజెలోలో 38 మంది మహిళలు కలిసి తమకొక సంఘం పెట్టుకున్నారు. ఈనాటి మహిళా వృత్తి రోడియో సంఘం అదే. పీపాల పరుగుకు తోడు, దూడకు ఉచ్చు వేశాక తాడు జీను నుంచి తెగి విడిపోయే పోటీకి 2020 నుంచి జాతీయ ఫైనల్స్ జరుగుతున్నాయి. తర్ఫీదైన గుర్రం ఉండీ, పెద్ద పోటీల్లో చోటు లేక ఇంటిపట్టున ఉండిపోయిన ఎందరో ఆడవాళ్ళకు దానితో తలుపు తెరుచుకుంది.

ఇక కొత్తవాడి అదృష్టం ఎంతదాకా పోగలదో చెప్పే సంఘటన ఒకటి ఉంది. 2014లో ఆర్లింగ్టన్‌లోని పెద్ద స్టేడియంలో ద అమెరికన్ అనే రోడియో మొదటిసారి జరిగింది. మేటి ఆటగాళ్ళను నిర్వాహకులు పిలిచారు. పిలుపు అందనివాళ్ళు అర్హత పోటీలు నెగ్గి లోపలికి రావచ్చన్నారు. అలా వచ్చినవాళ్ళలో ఎవరైనా గెలిస్తే వాళ్ళ కోసం అదనంగా పది లక్షల డాలర్లు కేటాయించారు. రిచ్‌మండ్ ఛాంపియన్ అనే యువకుడు అర్హత పోటీల దారిన వచ్చి, జీను లేని గుర్రపు సవారీలో గెలిచాడు. అలా వచ్చినవాళ్ళలో తన విభాగం గెలిచింది అతనొక్కడే. ఆ ఒక్క రోజులో 11 లక్షల డాలర్లు అతని చేతికి వచ్చాయి. ఇటువంటిది నూటికి కోటికి ఒక్కరికి జరుగుతుంది. దాన్ని నమ్ముకుని ఉద్యోగం మానుకోమని ఎవరూ చెప్పరు. కాని తలుపు మూసి లేదని మాత్రం ఆ సంఘటన చెబుతుంది.

శ్రోతలారా, గెలుపు గురించి చెప్పి దెబ్బల గురించి చెప్పకపోతే అది మోసమవుతుంది. 1987లో ఆబోతు సవారీలో ప్రపంచ ఛాంపియన్ అయిన లేన్ ఫ్రాస్ట్ 1989 జూలై 30న వయోమింగ్‌లోని షయెన్ రోడియోలో చనిపోయాడు. వయసు 25 ఏళ్ళు. సవారీ పూర్తిచేసి నేలమీదికి దిగాక ఆబోతు వెనకనుంచి పొడిచింది. ప్రపంచ ఛాంపియన్‌కే తప్పలేదు. ఆ తర్వాత అతని మిత్రుడు కోడీ లాంబర్ట్ రొమ్మునూ వీపునూ కాపాడే చొక్కాను తయారుచేశాడు. అది ఆబోతు సవారీదారులందరికీ అలవాటైంది. ఆబోతు సవారీ సంస్థలో 1994 అక్టోబరు 15న గాని, ఆ తర్వాత గాని పుట్టినవాళ్ళు తలకు హెల్మెట్ పెట్టుకోవాలన్న నియమం కూడా ఉంది. జీతం లేని ఆటలో చెయ్యి విరిగితే ఆట ఒక్కటే ఆగదు. వడ్రంగి పని, కరెంటు పని చేసుకునేవాడికి సోమవారం కూలి కూడా ఆగుతుంది. వారాంతపు కౌబాయ్ పందెం కాసేది రుసుము డబ్బులు మాత్రమే కాదు, తన రెండు చేతుల్ని కూడా.

పశువుల బాధ గురించి కూడా అక్కడ వాదోపవాదాలున్నాయి. డొక్క చుట్టూ కట్టే పట్టీ గురించి, దూడ మెడకు పడే ఉచ్చు గురించి జీవకారుణ్య సంఘాలు గట్టిగా అడుగుతాయి. పశువైద్యుడు ఉండాలి, దెబ్బతిన్న పశువును బరిలోకి తేరాదు అని రోడియో సంఘం నియమాలు పెట్టింది. అవి చాలవని విమర్శకులు అంటారు. బ్రిటన్‌లో 1934లోనే చట్టం చేసి ఇటువంటి ఆటలను అరికట్టారు. మన జల్లికట్టు మీద 2014లో సుప్రీంకోర్టు నిషేధం విధించడం, 2017లో తమిళనాడు చట్టం సవరించడం, 2023లో సుప్రీంకోర్టు ఆ సవరణను సమర్థించడం మీకు తెలిసినవే. ఆట నిలవాలంటే పశువు క్షేమం కూడా నిలవాలన్న ఎరుక ఇక్కడా, అక్కడా పెరుగుతోంది.

చివరిగా ఒక్క మాట. వృత్తి అనగానే ఉన్నదంతా వదిలి దానిలోనే మునగాలని మనం అనుకుంటాం. అమెరికా రోడియో సంఘం వేరేలా ఆలోచించింది. మేటివాళ్ళకు లాస్ వెగాస్ చూపించింది. ఇల్లు విడవలేనివాళ్ళకు ఇంటి చుట్టూ సర్క్యూట్ గీసి ఇచ్చింది. కొత్తవాడికి 1,000 డాలర్ల గడప పెట్టింది. మరీ ఎత్తు కాదు, మరీ పల్లమూ కాదు. ఆ గడప దాటడం ఎవరికైనా సాధ్యమే. దాటాక నిలవాలంటే మాత్రం పశువు మీద పట్టు ఎంత అవసరమో, పద్దు పుస్తకం మీద పట్టు కూడా అంతే అవసరం. ఏ ఆటకైనా, ఏ కళకైనా ఉద్యోగస్తుడు, గృహస్థు కూడా దిగగలిగే ఇటువంటి ఏర్పాటు ఉన్నప్పుడే అది నలుగురిదీ అవుతుంది. మన ఊళ్ళలో బండి పందేలు, కోలాటాలు, నాటకాలు నడిపే పెద్దలు ఈ విషయం ఆలోచిస్తారని ఆశిద్దాం.